కుందేటి కొమ్ములకు రెండో బహుమతి: నల్లగొండలో ఒక రాతితోట కేసు

ఈ కేసులో మనిషిని టీచరమ్మ అని పిలుస్తాను. ఆమె టీచరు కాదు, ఎవరూ గుర్తుపట్టకూడదని పెట్టిన పేరు. మొక్కల క్లబ్బు ఏదో, ఇల్లు ఎక్కడో చెప్పను. నల్లగొండ అన్నది మాత్రం దాచలేను. ఇక్కడి ఎండ, ఇక్కడి బోరు నీళ్లు తీసేస్తే ఈ కేసులో మిగిలేదేమీ లేదు. పైన రాసిన కుందేటి కొమ్ములు ఇక్కడి గుట్టల మీద పెరిగే మొక్క. మొక్కల సంగతి ఏదీ మార్చలేదు. నేను చేసిన తప్పు కూడా ఉన్నదున్నట్టే రాశాను.

నా పని చిన్నది. రాళ్ల సందుల్లో పెరిగే మొక్కలు పెంచుతాను, ప్రదర్శనకు మొక్కలు తయారు చేసుకునేవాళ్లకు సలహా చెప్తాను, అప్పుడప్పుడు పక్క ఊళ్లలో జడ్జిగా కూర్చుంటాను.

ఫోన్లో ఒక ఫొటో

టీచరమ్మ కూతురు స్కాట్లండులో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు ఆమెను రాతితోట మొక్కల ప్రదర్శనకు తీసుకుపోయింది. ఆ దేశంలో ఇది పెద్ద పిచ్చి. ఇంగ్లండులో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ 1929 నుంచి ఉంది, స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్బు 1933 నుంచి. ప్రదర్శనలో మేటి మొక్కకు ఇంగ్లండులో ఫారర్ పేరున, స్కాట్లండులో ఫారెస్ట్ పేరున పతకం ఇస్తారు. ఆ ఇద్దరూ మొక్కల వేటలో తిరుగుతూనే పోయారు, ఒకరు 1920లో బర్మా కొండల్లో, ఇంకొకరు 1932లో చైనాలోని యునాన్‌లో.

ఆమె తీసుకొచ్చిన ఫొటోలో అరలోతు మట్టి కుండీ ఒకటి. దాంట్లో బోర్లించిన గిన్నెలాగా గుండ్రటి మొక్క, ఆకు కనబడనంతగా పసుపు పూలు. అది డయోనిసియా. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ కొండల్లో రాతి పగుళ్లను పట్టుకుని బతుకుతుంది.

"తమ్మీ, గిట్లాంటిదొకటి మన క్లబ్బుల పెట్టాలె" అన్నది.

అప్పటికే ఆమె ఒక ప్రయత్నం చేసి ఉంది. అక్టోబరులో ఊటీ పోయి అక్కడి నర్సరీలో చలికొండల మొక్కలు, సెంపర్వైవమ్ ఆరు కుండీలు, సీడమ్ రెండు, డయాంథస్ రెండు కొన్నది. నల్లగొండ పాతపేరు నీలగిరి. "ఆ నీలగిరి నుంచి ఈ నీలగిరికి తెచ్చిన" అని నవ్వింది. పేరు ఒకటే గానీ రెండింటి మధ్య 1,800 మీటర్ల ఎత్తు తేడా ఉంది. చలికాలమంతా మొక్కలు బాగానే ఉన్నాయి. ఫిబ్రవరిలో ప్రదర్శనకు పెట్టింది, ఏమీ రాలేదు. జడ్జి చీటీ మీద మూడు ముక్కలు రాసి పోయాడు: ఆకుల మీద తెల్లమచ్చలు, మొక్క ఒక పక్కకు సాగింది, కొత్తగా నాటినట్టుంది. ఆ చీటీ పట్టుకుని మార్చిలో నా దగ్గరికి వచ్చింది.

"నీళ్లు పోసిన, ఎరువు ఏసిన, ఇంకేం జేయాలె?"

తెల్లమచ్చల సంగతి ముందు

మూడింట్లో మచ్చలనే ముందు పట్టుకున్నాను. మిగతా రెండూ ఈ మొక్కలకు సంబంధించినవి. నీళ్లు మాత్రం ఏ మొక్క పెట్టినా వెంటబడే విషయం.

నల్లగొండలో మొక్క ఆకు కొస మాడితే అందరూ ఫ్లోరైడు అంటారు. ఇక్కడి చరిత్ర అలాంటిది. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా లాంటివాటికి ఫ్లోరైడుతో ఆకు కొసలు మాడేది నిజమే. ఆమెకూ ఆ అనుమానమే ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతి ఉంది కదా, ఆ నీళ్లు మొక్కలకు పోద్దామా అని అడిగింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు తయారుచేసిన పద్ధతి అది, మన ఊరి పేరుతోనే ప్రపంచమంతా తెలుసు. కానీ అది తాగే నీళ్ల కోసం. మచ్చ దేనిదో తేల్చకుండా మందు వేయడం ఎందుకని కుండీ అంచున పేరుకున్న తెల్లటి పొరమీద నిమ్మరసం చుక్క వేసి చూపించాను. బుసబుసమని నురగ వచ్చింది. అంటే అది కార్బొనేటు, బోరు నీళ్ల గట్టిదనం. నీళ్లు ఆరిపోతే సున్నం ఆకుమీద మిగులుతుంది. దానికి మళ్లీ సున్నం కలిపిన నీళ్లు పోస్తే ఏం లాభం?

ప్రదర్శనకు ముందురోజు ఆమె వెనిగర్ నీళ్లలో గుడ్డ ముంచి ఆకులు తుడిచింది. మచ్చలు సగమే పోయాయి. కానీ ఆకుమీద ఉండే బూడిదరంగు మైనపు పూత కూడా దాంతోపాటు పోయింది. ఆ పూతే మొక్కకు ఎండ నుంచి కాపలా. ఒకసారి పోతే ఆ ఆకు మీద మళ్లీ రాదు. కొత్త ఆకు వచ్చేదాకా ఆగాల్సిందే. వేలిముద్రలు పడిన ఎకెవేరియాను (అదీ మైనపు పూత ఉన్న మొక్కే) జడ్జి బల్ల మీద చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కాబట్టి మచ్చలు తుడవడం మానేసి, మచ్చలు పడకుండా చూడడం మీద పడ్డాం. కృష్ణా నల్లా నీళ్లు ఒక రోజు బకెట్లో ఆపి పోయడం, వానాకాలంలో డాబా మీది నీళ్లు డ్రమ్ములో పట్టడం, ఏ నీళ్లయినా ఆకుమీద పడకుండా కుండీ అంచునుంచే పోయడం. ఇంతే. ఖర్చు డ్రమ్ము ధర.

ఊటీ మొక్కలను ఏం చేయాలి

ఇది కష్టమైన నిర్ణయం. మొదటి రోజే "ఇవి ఇక్కడ బతకవమ్మా" అని చెప్పొచ్చు. చెప్పలేదు. రెండు కారణాలు. ఒకటి, ఫొటో చూసి మనసు పడ్డ మనిషికి మాటతో చెప్తే ఎక్కదు. రెండు, ఏ మొక్క ఎప్పుడు, ఎట్లా పోతుందో చూస్తే తర్వాత ఏం పెట్టాలో తెలుస్తుంది. అందుకే మిగిలిన కుండీలను రెండు భాగాలు చేసి ఒక ఎండాకాలం చూద్దామన్నాను.

సగం కుండీలు డాబా మీద సగం నీడనిచ్చే షేడ్ నెట్ కింద పెట్టాం. సగం ఏసీ గదిలో గ్రో లైటు కింద.

ఏసీ గదిలోవి చావలేదు. కానీ పక్షం రోజుల్లో గులాబీలాగా ముడుచుకుని ఉండాల్సిన ఆకులు విచ్చుకుని, మధ్యలో కాడ సాగింది. సెంపర్వైవమ్‌కు అందమంతా ఆ ముడుపులోనే ఉంది. వెలుతురు చాలకపోతే అది విప్పేస్తుంది. లైటు పెంచితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఏసీ ఇంకా తిప్పాలి. "మొక్కకు ఇంత కరెంటు బిల్లా" అని ఇంట్లో గొడవ కూడా మొదలైంది. మధ్యలో ఆమె కుండీలో ఐసు ముక్కలు వేసి చూసింది. నాకు చెప్పకుండా. వేరు దగ్గర గంటసేపు చల్లబడి మళ్లీ వేడెక్కితే మొక్కకు ఒరిగేది ఏమీ లేదు, కుండీలో తడి మాత్రం పెరిగింది.

డాబా మీదివి మే నెలంతా ముడుచుకుని కూర్చున్నాయి. పగలు 44 డిగ్రీలున్నా వెంటనే చావలేదు, అది చూసి ఆమెకు ఆశ పుట్టింది. నాకు పుట్టలేదు. కొండ మొక్కను చంపేది పగటి ఎండకన్నా రాత్రి వేడి. ఆల్ప్స్ పర్వతాల మీద కూడా పగటి ఎండ నిప్పులాగే ఉంటుంది, పొద్దు వాలితే చలి పడుతుంది. పగలు చేసుకున్న చక్కెరను మొక్క రాత్రి శ్వాసలో కొంతే ఖర్చు పెట్టి మిగతాది దాచుకుంటుంది. నల్లగొండలో మే నెల రాత్రి 28, 30 దగ్గరే ఆగుతుంది. ఆ వేడిలో దాచుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఇలాంటి కండగల మొక్కలు చాలావరకు రాత్రిపూటే ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. రాత్రి వేడిగా ఉంటే అవీ సరిగా తెరుచుకోవు. అట్లా లోపల ఖాళీ అయిపోయిన మొక్క మీద జూన్ మొదటి వాన పడింది. నాలుగో రోజుకు మెడ దగ్గర కుళ్లు. వేలితో తాకితే తల ఊడి చేతికి వచ్చింది.

టీచరమ్మ ఏడవలేదు గానీ ఆ ఊడిన తలను చాలాసేపు అట్లనే పట్టుకుని నిలబడింది. "ఇగ చాలు తమ్మీ" అన్నది.

బతికిన ఏసీ గది కుండీలను ఊటీ వెళ్తున్న చుట్టాల చేతికిచ్చి పంపించాం.

ఫొటోలో నిజంగా ఉన్నదేమిటి

ఇక్కడ మళ్లీ ఫొటో ముందేసుకుని కూర్చున్నాం. ఆ మొక్కలో ఆమెకు నచ్చినదేమిటో ఒక్కొక్కటే చెప్పమన్నాను. గుండ్రంగా ఉంది. కుండీ నిండుగా ఉంది. రాళ్లలో పుట్టినట్టుంది. పువ్వు సంగతి నాలుగోదిగా చెప్పింది. అంటే ఆమెకు కావలసింది రాయి, రాతిని పట్టుకున్న మొక్క. డయోనిసియాకు ఇరాన్ కొండ పగులు ఎట్లాగో, మన గ్రానైటు గుట్టల పగుళ్లకు కూడా వాటి మొక్కలు ఉన్నాయి. నల్లేరు, చాగ, బొమ్మజెముడు, నక్కవుల్లిగడ్డ, కుందేటి కొమ్ములు. మే ఎండలో లతీఫ్ సాహెబ్ గుట్ట మీద రాయి కాలిపోతుంటే ఆ రాతి పక్కనే బతికేవాటికి నా షేడ్ నెట్‌తో పనేముంది?

కుందేటి కొమ్ములే ఎందుకు ఎంచుకున్నానంటే, అది నేలను పట్టుకుని గుంపుగా పాకుతుంది. నాలుగు పలకల కాడలు నిలువుగా లేస్తాయి. అరలోతు కుండీలో నిండితే చూపు తిప్పుకోలేం. నల్లేరు తీగ సాగుతుంది, కుండీలో నిలవదు. బొమ్మజెముడు పెద్ద చెట్టు.

పేరు వినగానే ఆమె నవ్వింది. సుభాషితాలు చదువుకున్నవాళ్లెవరైనా నవ్వుతారు, కుందేటి కొమ్ము అంటే లోకంలో లేనిది కదా. గొర్రెల కాపరులకు మాత్రం ఇది ఉన్నదే. ఆకలికి, దప్పికకు నమిలేవాళ్లు, కొందరు పచ్చడి కూడా చేస్తారు. శాస్త్రం పేరు కారలుమా ఎడ్సెండెన్స్. విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమండల్ తీరపు మొక్కల గురించి రాస్తూ దీనికి తెలుగువాళ్ల మాట 'కార్-అల్లం' అని నమోదు చేశాడు. ఆ తెలుగు మాటే తర్వాత కారలుమా అని ఈ మొక్కల ప్రజాతి పేరుగా స్థిరపడింది. ప్రదర్శనలో చీటీ మీద లాటిన్ పేరు రాయాలని నియమం. మన మాటే లాటిన్ బట్టలు కట్టుకుని మన బల్ల మీదికి తిరిగి వస్తుందన్నమాట.

మొక్క ఎక్కడినుంచి తేవాలన్నది రెండో ప్రశ్న. అడవి నుంచి పీకడం నేను ఒప్పుకోను. బరువు తగ్గించే మందుల పేరుతో దీన్ని ఇప్పటికే చాలా కోసుకుపోతున్నారు. ఆ జూన్‌లోనే ఊరి బయట ఒక పట్టా గుట్టను ప్లాట్ల వెంచర్ కోసం జేసీబీతో చదును చేస్తున్నారు. యజమానిని అడిగి, రాళ్లతోపాటు పోబోతున్న ఒక గుంపునుంచి కాడలు తెచ్చుకున్నాం.

మూకుడు, రాతి చిప్స్

కాడలను వారం రోజులు నీడలో ఆరబెట్టాం, కోసిన చోట పుండు మానేదాకా. తడిగా నాటితే కుళ్లుతుంది.

కుండీ కోసం కుమ్మరి దగ్గరికి పోయి 30 సెంటీమీటర్ల మూకుడు చేయమని అడిగాం, కాల్చకముందే అడుగున అయిదు రంధ్రాలు పెట్టమని చెప్పాం. ఆయన ముందు వింతగా చూశాడు. మూకుడుకు రంధ్రాలేందని. ఇంగ్లండు వాళ్లు పాన్ అనేది మన మూకుడే, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. రాతి మొక్క వేరు పైపైనే పరుచుకుంటుంది, లోతైన కుండీలో కింద మట్టి ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది.

ఆమె పాత మట్టిలో సగం కొబ్బరి పొట్టే. అది వానలో స్పంజిలాగా పట్టుకుంటుంది, ఎండలో ఒకసారి పూర్తిగా ఆరితే నీళ్లు తీసుకోదు. దాన్ని పూర్తిగా వదిలేశాం. రెండు పాళ్లు క్రషర్ బేబీ చిప్స్ (సన్న కంకర), ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు బొగ్గు ముక్కలు. చిప్స్‌ను మూడుసార్లు కడగాలి. ఆ పొడి అట్లే ఉంటే నెలకు సిమెంటులాగా బిగుస్తుంది. పైన పరిచేందుకు ఆమె తెల్ల పాలరాతి ముక్కలు తెచ్చింది. వద్దన్నాను. చూడ్డానికి తులసికోట లాగుంటుంది, పైగా పాలరాయి కూడా సున్నమే. ఆ గుట్ట రాయినే, గులాబీ చాయ ఉన్న గ్రానైటును, సుత్తెతో కొట్టి పరిచాం.

తర్వాత పని చాలావరకు ఓపిక. వారానికోసారి మూకుడును పావు వంతు తిప్పాలి, లేకుంటే మొక్క ఎండవైపు వాలుతుంది. జడ్జి చీటీలో 'ఒక పక్కకు సాగింది' అన్నదానికి మందు ఇదే. మూకుడును ఇసుకలో అంచుదాకా దించి పెట్టాం, వేరు చల్లగా ఉండేందుకు.

తప్పులూ జరిగాయి. అక్టోబరులో పిండినల్లి పట్టింది. వేపనూనె కొట్టమన్నాను, సాయంత్రమే కొట్టమని చెప్పడం మర్చిపోయాను. ఆమె పొద్దున కొట్టింది. మధ్యాహ్నం ఎండకు నూనె పడ్డ చోటల్లా గోధుమ మచ్చలు. ఆ నాలుగు కాడలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పురుగునే తుడిచాం. మెల్లగా సాగింది గానీ అదే పని చేసింది.

మొదటి ఫిబ్రవరి వదులుకోవడం

జనవరికి మూకుడు సగం నిండింది. టీచరమ్మకు ఆగదు. "ఇంకో పది కాడలు మధ్యల గుచ్చుదాం, ఎవరికి తెలుస్తది?" అన్నది.

నాకు తెలుస్తుంది. జడ్జిలకు తెలుస్తుంది. గుచ్చిన కాడకు, అక్కడే పుట్టిన కాడకు కిందిభాగం రంగు వేరుగా ఉంటుంది, వాలు కూడా వేరు. ముందటి ఏడు చీటీ మీద 'కొత్తగా నాటినట్టుంది' అని రాసింది దానికే. ఒకసారి జడ్జి కాడను వేలితో మెల్లగా తోస్తే అది ఊగిందనుకోండి, ఆ కుండీ సంగతి అంతే. అయినా నేను ఆ కారణం చెప్పలేదు. ఇంకోటి చెప్పాను: వేరు లేని కాడ చలికాలంలో నీళ్లు తాగదు, దాని చుట్టూ తడి నిలుస్తుంది, పక్కన ఉన్న మంచి కాడకూ కుళ్లు అంటుకుంటుంది. గెలుపు ఆశ చూపించిన దారిలో మొత్తం మూకుడే పోతుంది. ఆమె నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆ ఏడు ప్రదర్శనకు ప్రేక్షకురాలిగా పోయింది.

బల్ల మీద

రెండో ఫిబ్రవరికి మూకుడు నిండింది. అంచుమీంచి రెండు కాడలు కిందికి కూడా పాకాయి. పూలు లేవు, మా దగ్గర అవి వానాకాలం చివరినుంచి చలికాలం దాకే. అయినా ఆకారానికే నిలబడుతుందని పెట్టాం.

ఇక్కడ నా పెద్ద తప్పు. ఒక్క మూకుడే కాకుండా, ఒక చిన్న రాతితోట కూడా పెడదామని నేనే ఉత్సాహపడ్డాను. ఊళ్లో పాతింటి దగ్గర పడి ఉన్న చిన్న రాతి కుడితి తొట్టిలో చాగ, నక్కవుల్లిగడ్డ, రెండు కాక్టస్‌లు పెట్టి చక్కగా తయారుచేశాం. మూడు నెలల పని. దాన్ని పెట్టిన విభాగం నియమాల కాగితంలో 'కాక్టస్‌లు మినహా' అని చిన్న అక్షరాల్లో ఉంది. ముందటేడు కాగితంలో ఆ మాట లేదు. నేను పాత కాగితం చూసుకుని కొత్తది చదవలేదు. జడ్జి తొట్టి ముందు నిలబడి, తల ఊపి, 'నియమావళికి లోబడి లేదు' అని చీటీ పెట్టి పోయాడు. మొక్కల బాగోగుల దాకా రానేలేదు. జడ్జిగా నేనే ఎంతమందికి ఆ చీటీ పెట్టానో. టీచరమ్మ నన్ను ఏమీ అనలేదు. "నువ్వు టీచరువైతే ప్రశ్నపత్రం సదివిపిస్తుంటివి" అన్నది, అంతే.

మూకుడుది ఇంకో కథ. ట్రాలీ ఆటోలో ఇసుక ట్రేలో దించి, కాడల మధ్య చుట్టిన పాత పేపర్లు పెట్టి తీసుకుపోయాం. హాలు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక కాడ విరిగింది. విరిగిన దాన్ని అట్లే నిలబెట్టి దాచొచ్చు. మట్టిదాకా కోసేసి ఖాళీ చూపించొచ్చు. కోసేయమన్నాను. విరిగిన కాడ రెండు గంటల్లో వాడుతుంది, జడ్జి వచ్చేసరికి దాచినట్టు కనిపిస్తుంది. ఖాళీ అయితే ఖాళీగానే కనిపిస్తుంది. కోసిన చోట గ్రానైటు ముక్క పెట్టాం.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది హవర్తియా అనే కండగల మొక్క మూకుడుకు పోయింది, దానికి న్యాయంగానే పోయింది. జడ్జి చీటీ మీద 'ఉత్తరం వైపు ఖాళీ' అని రాశాడు. సరిగ్గా ఆ విరిగిన కాడ చోటు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన, తలపాగా, భుజం మీద గొంగడి, మూకుడు ముందు ఆగి చీటీ చదివించుకున్నాడు. "కారలుమానా? మేం గొర్లకాడ నమిలేటోళ్లం గద ఇది" అని ఒక కాడ తుంచబోయాడు. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఇంటికి రా పెద్దయ్యా, అక్కడ ఇస్త" అన్నది. ఇచ్చింది కూడా, విరిగిన కాడను వారం ఆరబెట్టి.

ఇప్పుడు ఆ ఖాళీ వైపును ఎండకు తిప్పి పెట్టాం. వచ్చే ఫిబ్రవరికి అది సగమే నిండుతుందని నా లెక్క. ఒక ఏడు ఆగుదామన్నాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.